రెండు శ్రావణాలకు ముందు ఒక చేప

ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది. పంచాంగం చూసుకునే ఇళ్ళలో దాని అర్థం ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. శ్రావణమాసం ఒకటి కాదు, ఒకదాని వెనక ఒకటి రెండు వస్తాయి. మా అక్క శ్రావణంలో నీచు ముట్టదు. కనుక మా నదిలో ట్రౌట్ చేపలు బాగా దొరికే వేసవి రోజులన్నీ ఆ రెండు నెలల పాలయ్యాయి. ఇది అన్యాయమని నాకు గట్టిగా అనిపించింది. ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియక నా పుస్తకంలో రాసుకున్నాను.

నేను ఈ పరాయి దేశంలో, పడమటి తీరాన బాతెల్ అనే ఊళ్ళో ఉంటాను. మొదట తూర్పు తీరాన ప్లెయిన్స్‌బరో పక్కన, తరవాత ఇక్కడ, మందుల నాణ్యత పరీక్షించే పనిలోనే ఉద్యోగమంతా గడిపాను. చేసిన పనిని చేసిన వెంటనే, సిరాతో, దిద్దుళ్ళు లేకుండా రాసిపెట్టడం ఆ ఉద్యోగం నేర్పిన అలవాటు. రిటైరయ్యాక పరీక్షించడానికి మందులు లేవు గనుక నదిని పరీక్షిస్తున్నాను. వెళ్ళిన ప్రతిసారీ నీటి వేడి, నీటి రంగు, గాలి వాటం, పడిన చేప పొడవు రాస్తాను. వదిలిపెట్టినప్పుడు అది చురుగ్గా వెళ్ళిందా, తడబడుతూ వెళ్ళిందా అన్నది కూడా రాస్తాను. మా బావగారు ఆ పుస్తకాన్ని చేపల జాతకాలు అంటారు. ఎవరైనా కొత్తవాళ్ళు ఇంటికి వస్తే, మా బామ్మర్ది చేపలకు పెళ్ళి సంబంధాలు చూస్తుంటాడని పరిచయం చేస్తారు.

బావగారంటే మా అక్క భర్త. వాళ్ళ ఇల్లు మా ఇంటికి నాలుగు వీధుల అవతల. మేమిద్దరం ఎన్నో వేసవులుగా కలిసి నదికి వెళుతున్నాం. ఆయనకు గాలం వేయడం బాగా వచ్చు, నియమాలు పాటించడం బొత్తిగా రాదు. నాకు నియమాలన్నీ వచ్చు. నా గాలం సంగతి ఆయన్ని అడిగితే చెబుతారు, అడగకపోయినా చెబుతారు. మా ఆవిడ పుట్టు శాకాహారి కాబట్టి చేప మా గడప దాటి రాదు. తేగలిగిన చేప ఏదైనా ఉంటే అది బావగారి గరాజ్‌లో, అక్కడున్న గ్యాస్ స్టవ్ మీద ఉడకవలసిందే. వాసన ఇంట్లోకి రాకుండా ఉండడానికి మావాళ్ళు చాలామంది చేసుకునే ఏర్పాటే అది.

ఇక్కడ చేప గురించి ఒక మాట వివరించాలి. నది ఒడ్డున నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించేది ఈ విషయంలో జనానికున్న అజ్ఞానమే. ఇంద్రధనుస్సు చార పక్కల మీద ఉండే రెయిన్‌బో ట్రౌట్, స్టీల్‌హెడ్ అని పిలిచే పెద్ద చేప, ఈ రెండూ వేరు వేరు జాతులు కావు. ఒకే గులకరాళ్ళ మధ్య, ఒకే రకం గుడ్ల నుంచి పుడతాయి. వాటిలో కొన్ని జన్మంతా నదిలోనే ఉండిపోతాయి. వాటిని ట్రౌట్ అంటాం. కొన్ని రెండు మూడేళ్ళు ఇక్కడ పెరిగి, ఏదో వసంతంలో సముద్రానికి దిగిపోయి, అక్కడ చెయ్యంత పొడవు పెరిగి తిరిగి వస్తాయి. వాటిని స్టీల్‌హెడ్ అంటాం. చిన్నతనంలో రెంటికీ ఏ తేడా లేదు. అదే పచ్చటి వీపు, అవే నల్లటి చుక్కలు, సిరాలో ముంచిన వేళ్ళతో ఎవరో వరసగా అద్దినట్టు పక్కల మీద అవే మచ్చలు. అరచేతిలో ఉన్న జానెడు చేప వెళ్ళిపోయేదో, ఉండిపోయేదో పట్టినవాడికి తెలియదు. చేపకైనా తెలుసని నేననుకోను.

అందుకే మా నదిలో పద్నాలుగు అంగుళాల లోపు చేపను ఇంటికి తీసుకుపోకూడదని నియమం. ఆ పొడవు వచ్చేసరికి సముద్రానికి వెళ్ళవలసినవి దాదాపుగా వెళ్ళిపోయి ఉంటాయి. నదిలో మిగిలింది ట్రౌట్ అని ధైర్యంగా అనుకోవచ్చు. ఇంత ఆలోచన దాగి ఉన్న నియమాలు లోకంలో తక్కువ. ఇది తెలియనివాళ్ళు చిన్న చేపను పొడిచేతులతో పట్టుకుని, దాని ఒంటి మీది జిగురు పొరంతా తుడిచేసి, గాలిలో ఎత్తి ఫొటోలు దిగుతారు. ఒకసారి అలాంటి ఒక పెద్దమనిషికి నియమం మొత్తం చదివి వినిపించాను. ఆయన చాలా మర్యాదగా థాంక్స్ చెప్పి, నన్ను కూడా ఫొటోలో నిలబడమన్నాడు.

మా బావగారికి టేపు అంటే చులకన. ఆయన చేపను చేత్తోనే కొలుస్తారు. జాన, ఆ పైన బెత్తెడు, ఆ పైన మూడు వేళ్ళు వస్తే పద్నాలుగు అంగుళాలు దాటినట్టు. ఆ కొలత సరైనదేనని నేను చాలాసార్లు టేపుతో సరిచూసి ఒప్పుకోవలసి వచ్చింది. నా అభ్యంతరం ఒక్కటే. చేప మీద ఆయనకు మనసైన రోజున ఆ వేళ్ళు కొంచెం దగ్గరగా వస్తాయి.

ఇక అసలు సంగతి. ఆ ముందు చలికాలంలో మా అక్క జబ్బుపడింది. జబ్బు నయమైంది గానీ దానికి వాడిన మందులు ఆమె నోటి రుచిని తీసుకుపోయాయి. ఉప్పు తెలియదు, పులుపు తెలియదు, కారం మంట మాత్రం తెలుస్తుంది. ఏం పెట్టినా అట్టముక్క నమిలినట్టుందని పక్కకు నెట్టేది. మా ఇళ్ళలో ఎవరి పప్పులో ఎంత ఇంగువ పడిందో గుమ్మం దగ్గర నిలబడి చెప్పగలిగిన మనిషి, కంచం ముందు కూర్చుని గోడకేసి చూసేది. బరువు తగ్గిపోతోందని డాక్టరు హెచ్చరించాడు. ఫ్రిస్కోలో ఉన్న మా మేనకోడలు, బలానికని, డబ్బాల కొద్దీ తియ్యటి పానీయాలు పంపించింది. అవి గరాజ్‌లో వరసగా నిలబడి ఉండేవి. వంట బావగారే చేసేవారు. ఆమె నాలుకకు ఎలాగైనా అందాలని వారం వారం ఉప్పూ పులుపూ పెంచుకుంటూ పోయారు. ఆ ఇంట్లో భోజనం చేసి వచ్చిన రోజు నేను రాత్రంతా మంచినీళ్ళు తాగేవాణ్ణి.

జూన్‌లో ఒక మధ్యాహ్నం, మేము నది నుంచి ఖాళీ చేతులతో వచ్చి బూట్లు విప్పుకుంటుంటే, అక్క గరాజ్ మెట్టు మీద నిలబడి మమ్మల్ని చాలాసేపు చూసింది. తరవాత నాతో అంది:

"ఆ ఏటి చేప ఒకటి తేరా తమ్ముడూ. మామిడికాయ వేసి పులుసు పెట్టుకుందాం. కొన్నది కాదు. నువ్వు కొలిచి కొలిచి నీళ్ళలో పారేస్తావే, అది."

నెలల తరవాత ఆమె తినడానికి ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. బావగారు చేతిలో ఉన్న బూటును అలాగే పట్టుకుని ఉండిపోయారు. ఆ మాట వినగానే మా ఇద్దరికీ ఒకే లెక్క తట్టింది. శ్రావణం రాకముందే ఆ చేప రావాలి. రాకపోతే రెండు నెలలు ఆగాలి. అన్నాళ్ళ తరవాత ఆ కోరిక ఉంటుందో ఉండదో, ఆ ఒంట్లో అప్పటికి ఎంత బలం మిగులుతుందో ఎవరికీ తెలియదు.

దుకాణంలో మంచి సాల్మన్ దొరుకుతుంది కదా మామయ్యా అని మేనకోడలు ఫోన్‌లో అంది. తెచ్చాం. అక్క ఒక ముద్ద తిని, ఐసు వాసన వస్తోందంది. రుచి తెలియని మనిషికి ఐసు వాసన ఎలా తెలిసిందని అడగబోతే బావగారు నా కాలు తొక్కారు.

బావగారు ఇంకో దారి కూడా వెతికారు. అధికమాసం అసలు లెక్కలోకే రాదని ఆయన వాదన. పెళ్ళిళ్ళుండవు, నోములుండవు, దేవుడే సెలవు పెట్టిన నెల కాబట్టి నిషేధాలకు కూడా సెలవే అన్నారు. అక్క కూర్చున్నచోటి నుంచి కదలకుండానే ఆ వాదన తేల్చేసింది.

"పూజకి పనికిరాని నెల పులుసుకి పనికొస్తుందా?"

ఆయన లేచి గాలాలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

జూన్ అంతా కొండల మీది మంచు కరిగి నది పాలలా తెల్లగా, ఉరవడిగా పారింది. గాలం నీటి మీద నిలవలేదు. జూలై వచ్చాక నీళ్ళు తగ్గి, అడుగున రాళ్ళు ఒక్కొక్కటిగా పైకి కనిపించసాగాయి. అప్పటి నుంచి వీలైన ప్రతి ఉదయం వెళ్ళాం. ఆ ఉదయాల గురించి కోపంగా రాయడానికి నాకు ఏ కారణమూ దొరకదు. దేవదారు చెట్ల మధ్య నుంచి ఎండ ఏటవాలుగా నీటి మీద పడేది. మోకాళ్ళ లోతులో నిలబడితే ప్రవాహం కాళ్ళను పెంపుడుకుక్కలా నెడుతూ ఉండేది. ఈకలూ దారమూ చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగను బావగారు ఒక రాతి వెనక సుడిలో వాలిస్తే, నీళ్ళు చిన్నగా చిట్లి, కర్ర చివర వణికేది. ఎన్నేళ్ళు చూసినా ఆ వణుకు నా మోచేతి దాకా వస్తుంది, కర్ర ఆయన చేతిలో ఉన్నా సరే.

చేపలు పడ్డాయి, పడలేదని కాదు. కానీ అన్నీ జానెడువే. వెండి మెరుపుతో, పక్కల మీద వేలిముద్రలతో, చేతిలో గుండెకాయలా కొట్టుకుంటూ వచ్చేవి. చేతులు తడిపి, గాలం తీసి, తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి వదిలేవాళ్ళం. ఎదురుముల్లు లేని గాలం కాబట్టి తేలిగ్గా వచ్చేది. బావగారు ప్రతి దాన్నీ వదిలేముందు, ఇంటికి పోయి మీ నాన్నను పంపించమని చెప్పేవారు.

అలా ఆషాఢ అమావాస్య వచ్చేసింది. అమావాస్యనాడు నీచు తినకూడదన్న పట్టింపు మా వైపు లేదు. అది బావగారి వైపుది, ఆయన దాన్ని ఎన్నడూ పాటించలేదు. అంటే అదే ఆఖరి రోజు.

తెల్లవారకముందే బయలుదేరాం. మొదటి మడుగులోనే ఒక మంచి చేప పడింది. బావగారు దాన్ని చేతి వలలోకి తెచ్చి, జాన పెట్టి, బెత్తెడు పెట్టి, మూడు వేళ్ళు పెట్టి, నా వైపు చూశారు. నేను టేపు పెట్టాను. అర అంగుళం తక్కువ.

"తోక కొంచెం సాగదీసి చూడరా," అన్నారు ఆయన.

"సాగదీయడానికి అదేం చొక్కా కాదు బావా."

"మీ అక్క కోసంరా."

ఆ మాట అన్యాయమైన మాట. అక్క కోసమే అని నాకు తెలియదా? ఆ చేప ట్రౌటే అయి ఉండవచ్చు, ఆ పొడవులో చాలావరకు ట్రౌటే అవుతుంది. కానీ ఆ పూట అర అంగుళం వదులుకుంటే, మరుసటి పూట ఒక అంగుళం గురించి మాట్లాడుకుంటాం. నేను దాన్ని నీళ్ళలో పట్టుకుని కూర్చున్నాను. వల అంచు బావగారే కిందికి వంచారు. చేప ఒక్క విదిలింపుతో ఆయన మోకాలి మీద నీళ్ళు చిమ్మి వెళ్ళిపోయింది. చురుగ్గా వెళ్ళిందని రాశాను.

ఆ తరవాత మళ్ళీ జానెడువే. ఎండ ముదిరింది. నా థర్మామీటర్‌ను గంట గంటకూ నీళ్ళలో ముంచుతున్నాను. నీళ్ళు వేడెక్కితే ఈ చేపలకు ఊపిరి అందదు. అలాంటప్పుడు పట్టి, పోరాడించి, వదిలినా అవి చాటున చచ్చిపోతాయి. అందుకని నీటి వేడి ఒక గీత దాటగానే కర్రలు మడిచేయడం నా నియమం. ఇది సర్కారు పెట్టింది కాదు, నేను పెట్టుకున్నది, కాబట్టి మరీ గట్టిది. మధ్యాహ్నానికి ఆ గీత దాటింది. నేను కర్ర విప్పడం మొదలుపెట్టాను.

బావగారు చాలాసేపు మాట్లాడారు. ఆ ఒక్కరోజుకి థర్మామీటర్‌ను జేబులో పెట్టుకోమన్నారు. నా నియమాలన్నిటికీ నమస్కారం పెడతానన్నారు. తన చిన్నతనంలో కాలువలో చేపలకు జ్వరం చూసి పట్టినవాళ్ళెవరూ లేరన్నారు. నోరు విప్పితే ఒప్పుకుంటానేమోనని నేను కర్ర ముక్కలు సంచిలో సర్దుతూ ఉన్నాను. గరాజ్ మెట్టు మీద నిలబడి ఉన్న అక్క నా కళ్ళముందు నుంచి పోవడం లేదు.

ఆయనకు కోపం వచ్చింది. నా పక్కన కూర్చోవడం ఇష్టంలేక ఒడ్డు వెంట రాళ్ళ మీద పైకి నడిచి వెళ్ళిపోయారు. డెబ్బై దాటిన మనిషి, అవి నునుపు రాళ్ళు, పడితే ఎవరు బాధ్యులని నేను సామాను వేసుకుని వెనకాలే పోయాను. నది వంపు తిరిగిన చోట ఒక సన్నటి ఏరు కొండ నుంచి దిగి కలుస్తుంది. బావగారు అక్కడ ఒక రాయి మీద కూర్చుని, బూట్లు విప్పి, అలిగిన పాదాలు నీళ్ళలో పెట్టారు. పెట్టి వెంటనే పైకి తీశారు. మళ్ళీ పెట్టారు.

"ఒరేయ్, ఇక్కడ నీళ్ళు మంచులా ఉన్నాయిరా."

కోపంతో ఉన్న మనిషి కాలు చెప్పిన సాక్ష్యాన్ని నేను నమ్మలేదు. థర్మామీటర్ ముంచాను. పైన ఎక్కడో మిగిలిన మంచు కరిగి ఆ ఏరులో వస్తున్నట్టుంది. ఆ ఏరు నదిలో కలిసి, ఒడ్డు వారగా పల్చగా సాగే మేర, నీళ్ళు నా గీతకు చాలా దిగువన ఉన్నాయి. ఆ అంకె నేను బిగ్గరగా చదవకముందే ఆయన బూట్లు తొడిగేసుకున్నారు.

చల్లటి నీటి కోసం చేపలు కూడా అక్కడికే చేరాయని వేరే చెప్పనక్కరలేదు. నన్నే వేయమన్నారు. ఆయన ఎందుకలా అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. నా మొదటి విసురు చెట్టుకొమ్మకు తగులుకుంది. దాని గురించి ఆయన ఒక్క మాట కూడా అనకపోవడం చూస్తే, ఆ రోజు ఆయనకు ఎంత ఆదుర్దాగా ఉందో అర్థమవుతుంది. రెండోసారి ఈగ సరిగ్గా చల్లటి నీళ్ళూ వెచ్చటి నీళ్ళూ కలిసే గీత మీద పడింది. నీళ్ళ కింద ఏదో రాయి పక్కకు తిరిగినట్టయింది. కర్ర వంగింది.

అది గాలిలోకి ఎగిరినప్పుడు దాని పక్కల మీది గులాబీ రంగు చార మా ఇద్దరికీ కనిపించింది. బావగారు మోకాళ్ళ మీద నీళ్ళలోకి దిగి వల పట్టుకున్నారు. "దారం వదులు, వదులు... ఇప్పుడు లాగు, నెమ్మదిగా, నీ పెళ్ళాంతో మాట్లాడినట్టు," అంటున్నారు. వలలో పడ్డాక ఆయన ముందు చెయ్యి పెట్టారు. జాన, బెత్తెడు, మూడు వేళ్ళు, ఆ పైన ఇంకా తోక మిగిలింది. నేను టేపు పెట్టాను. పదిహేను దాటింది. ఇరవై దాటితే దాన్ని స్టీల్‌హెడ్ కిందే లెక్కగడతారు, అక్కడి దాకా రాలేదు. అన్ని విధాలా నియమానికి లోబడిన ట్రౌట్. నేను అంత సంతోషంగా ఏ అంకెనూ రాసి ఎరగను. తొందరలో ఐదు అంకె వంకరగా వచ్చింది. దిద్దలేదు.

దారిలో ట్రాఫిక్ ఉంది. మామూలుగా దాని మీద నాకు చాలా చెప్పాలని ఉంటుంది, ఆ సాయంత్రం చెప్పలేదు. బావగారు కూలర్‌ను వెనక సీట్లో పెట్టి దానికి కూడా సీట్ బెల్టు పెట్టారు.

గరాజ్ తలుపు ఎత్తేసరికి అక్క స్టూలు మీద కూర్చుని ఉంది. మామిడికాయ చెక్కు తీసి, ఉల్లిపాయలు తరిగి పెట్టుకుంది. బావగారు చేపను పళ్ళెంలో పెట్టి, పెళ్ళికూతుర్ని చూపించినట్టు చూపించారు. అక్క దాన్ని చూసింది. తరవాత పక్కనున్న ఫోన్ తీసి చూసుకుంది. ఆమె ముఖం వాడిపోయింది.

"అక్కడ తెల్లారిపోయిందిరా. శ్రావణం వచ్చేసింది."

ఆమె ఫోన్‌లో పంచాంగం బెజవాడకు పెట్టి ఉంది. ఈ దేశానికి వచ్చిన కొత్తల్లో మా అమ్మ ఫోన్ చేసి ఏ రోజు ఏ పండగో చెప్పేది. ఆ వరస అమ్మ పోయాక కూడా అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా మా అక్క బాతెల్‌లో కూర్చుని బెజవాడ పొద్దును బట్టి నోములు నోస్తోందన్న సంగతి నాకు ఆ క్షణం దాకా తెలియదు. తెలిసి ఉంటే ఎప్పుడో అభ్యంతరం చెప్పి ఉండేవాణ్ణి. అప్పుడు చెప్పాను. రోజును సూర్యోదయంతో లెక్కపెడతారనీ, ఉన్నచోటి సూర్యోదయమే లెక్కనీ, బాతెల్‌లో మర్నాటి సూర్యోదయం కావడానికి ఇంకా రాత్రంతా మిగిలి ఉందనీ, ఈ లెక్కన ఆమె చేసిన వ్రతాలలో చాలావాటిని పునఃపరిశీలించవలసి ఉంటుందనీ వివరించాను. ఆ చివరి మాట అనకుండా ఉండవలసింది. అక్క ముఖం ఇంకా బిగుసుకుంది.

బావగారు కత్తి కింద పెట్టారు. చేప మీద చెయ్యి వేసి, నిదానంగా అన్నారు:

"ఇది బెజవాడ చేప కాదే. ఈ నీళ్ళలో పుట్టింది, ఈ నీళ్ళలోనే పెరిగింది. దీనికింకా ఆషాఢమే."

అక్క ఆయన వైపు చూసింది. ఎత్తి ఉన్న గరాజ్ తలుపు లోంచి బయటికి చూసింది. జూలై నెలలో ఇక్కడ పొద్దు ఎంతకీ వాలదు. ఎదురింటి కప్పు మీద ఇంకా బారెడు ఎత్తున ఉంది. మా పళ్ళెం దాకా ఎండ వచ్చి, చేప పక్కల మీది గులాబీ చారను వెలిగిస్తోంది.

"అయితే చూస్తారేం," అంది అక్క. "స్టవ్ వెలిగించండి. మాట్లాడుతూ కూచుంటే ఇక్కడా వచ్చేస్తుంది శ్రావణం."

బావగారు తన అలవాటు ప్రకారమే పులుసు పెట్టారు. మామిడికాయ ముక్కలు ఉడుకుతున్న వాసన వీధిలోకి వెళ్ళింది. కుక్కను నడిపిస్తూ పోతున్న పొరుగాయన ఆగి పలకరించి, కుక్క ఎంతకీ కదలకపోతే నవ్వుతూ లాక్కుపోయాడు. అక్కకు కంచంలో వేడి అన్నం, దాని మీద చేప ముక్క, పులుసు వడ్డించాం. ఆమె ముల్లు తీసి పక్కన పెట్టి, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. మేమిద్దరం తినకుండా నిలబడి చూస్తున్నాం. ఆమె నమలడం ఆపింది.

"ఏవండీ, ఇదేం ఉప్పండీ?"

బావగారు నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను.

"ఎక్కువైందా?" అన్నారు ఆయన. ఆ మాటను అంత ఆశగా అడిగిన వంటవాడు ఇంకొకడు ఉండడు.

"ఎక్కువా? నోట్లో పెట్టుకోగలిగితే కదా. ఇన్నాళ్ళూ నాకు ఇదే తిండి పెట్టారా?"

బావగారు అటు తిరిగి, ఎప్పుడో ఆర్పేసిన స్టవ్‌ను మళ్ళీ ఆర్పడం మొదలుపెట్టారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. అక్క మాత్రం ఆగలేదు. చింతపండు వేయాల్సిన పని లేదనీ, మామిడికాయ పులుపే చాలుననీ, మెంతులు మాడాయనీ వరసగా చెప్పుకుపోయింది. నేను వింటున్నాను. మెంతులు నిజంగానే మాడాయి. నా నాలుక ఆ సంగతి గమనించలేదు. చెబుతూనే ఆమె ఆ కంచం ఖాళీ చేసి, ఆ ఉప్పుకి సరిపోవాలంటే ఇంకొంచెం అన్నం పెట్టమంది. పెట్టాం. మళ్ళీ పెట్టాం. ముళ్ళు ఆమె కంచం అంచున చిన్న దువ్వెనలా పేరుకున్నాయి.

ఆ మందులు మానేసిన కొన్ని నెలలకు రుచి దానంతటదే తిరిగి వస్తుందని డాక్టరు తరవాత చెప్పాడు. కొద్దికొద్దిగా ముందే వస్తూ ఉండి ఉంటుందట, ఎవరూ గమనించి ఉండరట. చేపకు ఇందులో ఏమీ భాగం లేదా అని అడిగాను. ఆయన చిరునవ్వు నవ్వాడు. అది జవాబు కాదు. కొంచెం కొంచెంగా వచ్చిందో, ఒక్క ముద్దలో వచ్చిందో నాకు తెలియదు. నాకు తెలిసింది ఏమిటంటే, ఆ సాయంత్రానికి ముందు నెలల తరబడి మా అక్క ఎవరి వంటకూ వంక పెట్టలేదు. ఆ సాయంత్రం తరవాత నేటి వరకు ఎవరి వంటనూ వంక పెట్టకుండా వదల్లేదు. మా ఆవిడ చారు కూడా ఇందుకు మినహాయింపు కాదు.

ఆ రెండు శ్రావణాలూ అక్క మాతో నదికి వచ్చింది. ఇంట్లో కూర్చుంటే మీరిద్దరూ ఏం చేస్తారో తెలియడం లేదంది. గులకరాళ్ళ మీద మడత కుర్చీ వేసి, తలకు బావగారి టోపీ పెట్టేవాళ్ళం. ఫోన్‌లో పంచాంగం మాత్రం ఇప్పటికీ బెజవాడదే. ఆ విషయంలో నేను సమర్పించిన వివరణ ఆమె పరిశీలనలో ఉంది. పెరుగన్నం, ఆవకాయ, వేయించిన మినప వడియాలు డబ్బాలో పెట్టుకొచ్చేది. నీళ్ళ చప్పుడులో తింటే ఇంట్లోకన్నా ఎక్కువ తినబుద్ధవుతోందని, అదేమిటో రాసిపెట్టమని నన్నే ఆజ్ఞాపించేది. రాశాను.

ఇంటికి తీసుకువెళ్ళే ప్రశ్న లేకపోవడంతో ఆ వేసవి బావగారికీ నాకూ మధ్య తగువులే లేవు. చిన్నవీ పెద్దవీ అన్నిటినీ కొలిచి, అన్నిటినీ వదిలేశాం. సముద్రానికి పోయేవీ, ఇక్కడే ఉండేవీ మా చేతుల్లోంచి ఒకే తీరున జారిపోయాయి. ఒక రోజు ఆ చల్లటి ఏరు కలిసేచోటే బావగారికి పద్దెనిమిది అంగుళాల ట్రౌట్ పడింది. వలలోనే ఉంచి, నీళ్ళు కారుతుండగా, అక్క కుర్చీ ముందున్న పల్చటి నీళ్ళ దాకా నడిపించుకొచ్చారు. అక్క డబ్బా పక్కన పెట్టి, వంగి, దాన్ని తల నుంచి తోక దాకా చూసింది. ఆమె నోరు కదిలింది. మామిడికాయ ముక్కలు లెక్కపెడుతోందని నాకు అనుమానం.

బావగారు వల వంచారు. చేప కాసేపు ఆమె కాళ్ళ దగ్గరే, తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి, నిలబడింది. ఎంతకీ పోలేదు. అక్క వేలు ఎత్తి దానికి చెప్పింది:

"ఇప్పుడు బతికిపోయావు. వినాయకచవితి వెళ్ళనీ, నీ పని చెప్తాను."